సున్నా మరిచిపోతే

కవిటి డయాలసిస్ సెంటర్ స్టోర్‌రూమ్,
సెలైన్ పెట్టెల మీద ల్యాప్‌టాప్.
రెండుతో మొదలైతే లోపలి ఫోను,
సున్నా కొడితేనే బయటికి దారి.
ఎక్స్ అంటే ఏ అంకైనా.
చుక్క అంటే ఇంకా ఏదో వస్తుంది, ఆగు.

"సున్నా మరిసిపోతే ఏటవుద్ది బావూ?"
గుమ్మంలో తుడుపుకర్రతో గడెమ్మ.
ఏమీ కాదు, కాసేపు చూసి
తప్పు నంబరంటుంది పెట్టె.

"మొన్న రేతిరి మూడో మంచం కాడ
నాకంకెలే తోసలేదు."
బకెట్ ఈడ్చుకుంటూ వెళ్ళింది.

అన్ని రూళ్ళకీ పైన ఒక వరస చేర్చాను:
నూట ఎనిమిది.
ముందు సున్నా ఉన్నా, లేకున్నా,
వణికే వేలు రెండుసార్లు కొట్టినా,
ఆగకు.

"ఓపాలి ఉత్తినే నొక్కి సూడనా?"
వరండాలోంచి అడిగింది.
వద్దన్నాను.
ఎవరో నిజంగానే ఎత్తుతారు.