మూడో తట్ట

మార్గిలాన్‌లో మే నెల.
పట్టుపురుగులకి పెద్ద గది ఇచ్చేసి
మేం పెరట్లో పక్కలు వేసుకున్నాం.
రాత్రంతా లోపల వాన.
వాన కాదు, నలభై వేల నోళ్లు
మల్బరీ ఆకు నములుతున్న చప్పుడు.

అత్త హోసియత్ తెల్లారకముందే కాలవ గట్టుకి పోయి
మంచు ఆరని కొమ్మలే నరుక్కొస్తుంది.
"నిన్నటి ఆకు పెడితే అలుగుతాయి" అంటుంది.
నేను ఇన్‌స్టిట్యూట్‌లో ఆరేళ్లు చదివి
ఆ అలకకి విటమిన్ సి అని పేరు పెట్టాను.
ఆమె నవ్వి
తన టీలోకి నిమ్మచెక్క పిండుకుంది.

పురుగు పక్కల తొమ్మిదేసి చుక్కలుంటాయి.
చుక్కలు కావు, కిటికీలు.
వాటిలోంచి వచ్చే గాలే దాని బతుకు,
ఆ గాలే దాని చిచ్చు.
బావి గొలుసుకి తుప్పు పట్టించేదే
ఇక్కడ కొవ్వు పొరల్ని లోపల్నుంచి కొరుకుతుంది.
పెరిగే ఒంట్లో పొయ్యి పెద్దది,
రవ్వలూ ఎక్కువే.
ఆకులోని పులుపు
రవ్వ మీద తడిచెయ్యి.

మూడు తట్టలు వేశాను.
మొదటిదానికి ఉత్త నీళ్లు చల్లిన ఆకు.
రెండోదానికి చిటికెడు విటమిన్.
నాలుగో జ్వరం విడిచి లేచిన రెండో తట్ట
తెల్లగా, నిండుగా, ఆవురావురుమంది.
నాకు ఆశ పుట్టింది.
మూడోదానికి గుప్పెడు కలిపాను.

ఐదో రోజుకి
మూడో తట్టలో వాన లేదు.

"చేతులతో చల్లావా, కళ్లతో చల్లావా?" అని
అత్త గదంతా ఇసిరిక్ పొగ వేసింది.
దిష్టి కాదత్తా, కొలత.
ఆర్పే చెయ్యే మితిమీరితే అంటిస్తుంది.
చచ్చినవాటి లెక్కకి నా నోట్‌బుక్‌లో గడి ఉంది.
నల్లబడ్డవాటిని అట్టముక్కతో ఎత్తినప్పుడు
వేళ్లకి తగిలిన మెత్తదనానికి
గడి గీసుకోలేదు.

మిగిలినవి గూళ్లు కట్టాయి.
ఫ్యాక్టరీ లారీ వచ్చింది.
ఆవిరి సంగతి అడక్కండి.

అత్త మాత్రం ఒక జల్లెడెడు
దుప్పట్ల వెనక దాచింది.
పన్నెండో రోజున
రెక్కలు కట్టుకుని బయటికొచ్చాయి.
వాటికి తినే నోరు లేదు.
ఉన్న ఐదారు రోజులూ
పాకేటప్పుడు తిన్న ఆకు మీదే బతకాలి.

ఒకటి నా మణికట్టు ఎక్కి
గడగడా వణికింది.
ఏ తట్టలోదో తెలీదు,
గూళ్లు కలిపి పోసేటప్పుడు అత్త చీటీలన్నీ పారేసింది.
కొలవడానికి రెండో చెయ్యి లేపబోతే
"కదలకు" అంది.