అడుగున తెల్ల అక్షరాలు

పొద్దున ఆరుకి వచ్చాడు ఇళంపరిది సార్.
మూడు ఫోన్లు, ఒక డ్రోను, గొడుగంత లైటు,
వెంట మేకప్ అబ్బాయి, నుదుటి మీద చెమట
తుడవడానికి కాదు, అద్దడానికి.

పుళియాంతోపులో మా సందు
ఇద్దరెదురైతే ఒకరు గోడకి అతుక్కోవాల్సినంత.
అందులో పదకొండు మందిమి దూరి
ఆయన ఒంటరిగా నడిచి రావడాన్ని తీశాం.

నాగూరమ్మ పెద్దమ్మ అప్పుడే రాత్రి డ్యూటీ దిగింది.
చెత్తబండి తోలి తోలి బిగుసుకున్న వేళ్ళు
కడుక్కోబోతే
"వద్దు, అలాగే ఉండమను" అన్నాడు నివేదన్, మా టీం హెడ్.
ఇడ్లీలు వాళ్ళే తెచ్చారు.
పెద్దమ్మ పళ్ళెంలో పెట్టి, పెద్దమ్మ చేతికిచ్చి
ఆయనకి వడ్డించమన్నారు.
నాలుగు టేకులు, నాలుగు తుంపులు.

ఐదో టేకులో
ఎవరూ చెప్పని పని చేసింది పెద్దమ్మ.
మాట్లాడింది.
ఏ కరువులోనో మా ముత్తాతలు మూటగట్టుకొచ్చిన తెలుగులో,
అరవం రాసుకుని రాసుకుని గరుకెక్కిన తెలుగులో:

"అయ్యా, మూడు దినాలాయె నీళ్ళొచ్చి.
వచ్చినా కాలవ కంపు.
పోయినసారి నీ మాదిరే ఒకాయన వచ్చె,
ఈ పళ్ళెంలోనే తినిపాయె.
దాన్ని కడిగేదానికి గూడా నీళ్ళు లేకపాయె."

సార్‌కి తెలుగు రాదు.
కళ్ళు తడి చేసుకోవడం వచ్చు.
ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఆ మురికితోటే,
చాలాసేపు తల ఊపాడు.
నివేదన్ నా భుజం నొక్కాడు.
బంగారం రా ఇది, అన్నట్టు.

ఎడిటింగ్ నాది.
పోలింగు దాకా రోజుకి తొమ్మిది వందలు.
టీనగర్‌లో ఏసీ గది.
ముందు ఈగల మోత తీసేశాను,
తర్వాత పక్కింటి కుక్కర్ కూత,
తర్వాత సన్నగా వేణువు, కింద డోలు.
"తమిళంలో సబ్‌టైటిల్ వెయ్యి. ఆవిడేమంటోంది?"
గదిలో ఆ భాష తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.
చెప్పాను.
ఉన్నదున్నట్టే చెప్పాను, అది నా లెక్కలో రాసుకోండి.
నివేదన్ కుర్చీ నా వైపు తిప్పాడు.
"ఆవిడ ఏమంటోంది?" అన్నాడు మళ్ళీ,
ఎక్కం తప్పిన పిల్లాణ్ణి అడిగినట్టు, నిదానంగా.

టైపు చేశాను.
నువ్వు నా కడుపున పుట్టని కొడుకువి నాయనా,
నువ్వొస్తే మా సందు చల్లబడింది.

తెల్ల అక్షరాలు, వాటి వెనక నల్ల నీడ.
రాత్రికి మూడు లక్షల మంది చూశారు.
మదురైలో ఎవరో ఏడ్చారట,
అమ్మ మనసుకి భాషతో పనేముందని.

మా సందులో మాత్రం
చెవికొకటి వినబడి కంటికొకటి కనబడి
టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు పడి పడి నవ్వుతున్నారు.
నన్ను చూసి ఆపేశారు.
నవ్వుతూనే ఉంటే బాగుండేది.

పెద్దమ్మకి చదువు రాదు.
ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని తనని తాను చూసుకుంది.
"ఆ డోలు తగ్గించరా, నా మాట వినబళ్ళే."
తగ్గదు పెద్దమ్మా, అందులోనే కలిసిపోయింది.
"కింద తెల్లగా పోతా ఉండాయే, అవేంది?"
నువ్వన్నవే.
"అంత చెప్తే ఇంతేనా?"
తమిళంలో పొట్టిగా వస్తుంది, అన్నాను.
ఆమె ఇంకోసారి చూసింది.
పళ్ళెం కనబడ్డప్పుడు మాత్రం
"సొట్ట గూడా పడిందే" అని నవ్వింది.

అసలు ముక్క నా ఫోన్లోనే ఉంది.
నలభై ఏడు సెకన్లు.
ఈగలు, కుక్కరు, కాలవ, అన్నీ ఉన్నాయి.
ఫైలుకి 'వాడొద్దు' అని పేరు పెట్టాను.

చోటు లేదు, ఏదైనా తీసెయ్యమని
ఫోను రోజూ అడుగుతుంది.
రోజూ ఇంకేదో చూపిస్తాను.
మొన్న మహాబలిపురం తీసేశాను.
ఇవాళ
చెల్లెలి పుట్టినరోజు.