ఏడాది పుండు

దోమైతే చెవిల చెప్పి కుడుతది.
ఇది చెప్పదు.
ఇసుక రంగుది, నువ్వుగింజంత సుత లేదు.
పండుకున్న మొఖం మీద ఎప్పుడు వాలిందో
ఎప్పుడు తాగి పోయిందో,
అల్ హసా ఖర్జూరం తోటల
ఏ రాత్రి ఖాతాల రాసుకోవాలె?

రెండు నెలలకు
ముక్కుపుటం అంచున ఎర్రటి పొక్కు.
సెమట పొక్కనుకున్న.
పసుపు పెట్టిన, జిందా తిలిస్మాత్ రాసిన.
అది మెల్లగ గట్లు కట్టుకొని
నడిమిల లోతు తీసి
బాయి తవ్వినట్టు కూసున్నది.
నొప్పి లేదు. భయమంత అందుకే.

హుఫూఫ్ దవాఖానల డాక్టరు
ముక్కుల టార్చి కొట్టి సూసిండు.
లోపలి పొరకు పాకలేదు, నసీబున్నోనివి అన్నడు.
పుండు అంచు గీకి అద్దం బిళ్ల మీద రాసుకున్నడు.
ఎలుక నెత్తుట్ల పురుగంట,
ఎలుక బొక్కల ఉండే ఈగ కడుపులకు వచ్చి
ఈగ మూతి నుంచి నా మొఖంల దిగిందంట.
ఇకామా లేకుండ
మూడిండ్లు మారింది.
నేను ఒక్క రూము మారనీకి
కఫీలు కొడుకు కారు కడిగిన, ఎండకాలం అంత.

సూదిల పోసేది సుర్మా రాయిల లోహమంట.
మెట్‌పల్లిల గాజులమ్మే ఖైరున్నీసా
కండ్లకు దిద్దుకునేది గదే
నా పుండు సుట్టు గుచ్చిండ్రు.

తోట గేటు కాడి హాజరు మిషను
పట్టీ కట్టిన మొఖాన్ని సూసి జర సేపు ఆలోచించింది.
ఎవలో తెల్వదన్నది.
మూడు దినాల కూలి గట్లనే పోయింది.

లసుంబాయికి ఫోన్ల ఎడమ చెంపే సూపిన.
"నెట్టు సగమే వస్తుందా?"
అవునన్న.
తెల్లారి సంది
తను సుత సగమే కనవడుడు మొదలుపెట్టింది.

నీళ్లు కట్టే ఇద్రీస్, సుడానాయన,
గల్ల జరిపి మెడ మీది మచ్చ సూపిండు.
"హబ్బత్ సనా. ఏడాది పుండు.
ఏడాది కాంగనే పోతది.
నాది పోయి పదకొండేండ్లు.
నేనే పోలే."

మానింది.
పాత పావలా అంత మచ్చ,
నడుమ నున్నగ, అంచులు ముడుతలు.
మిషను ఇప్పుడు గుర్తుపడుతున్నది,
కాని కొత్త మొఖం కింద రాసుకున్నది.

మొన్న ఢాకా దిక్కు నుంచి వచ్చిన పిలగాడు
ఉక్కకు తాళలేక ఎలుక బొక్కల పక్కపొంటి మంచం ఏసిండు.
లోపలికి రమ్మన్న.
ఫ్యాను గాలికి ఎదురెగురలేదు ఆ ఈగ,
గంతే దాని బలం.
"ఫ్యాను తిరుగది కద, భాయ్" అన్నడు.

నిజమే. నేనొచ్చిన కాన్నుంచి తిరుగది.
పది రియాళ్ల కండెన్సరు.
ఇద్రీస్ టార్చి పట్టిండు, నేను స్టూలెక్కిన.
రెక్క కదిలిస్తే
ఇన్నేండ్ల ఇసుక
మచ్చ మీద రాలింది.