గంటు

చీనీకాయల లోడు ఢిల్లీలో దించి
పదకొండో దినం తాడిపత్రికి వచ్చినాడు కుళ్ళాయప్ప.
తువ్వాల్లో మూటగట్టిన కాయలు
నాపబండ మీద కుమ్మరిస్తే
గడగడా దొర్లి
మంచం కింద కొన్ని, రుబ్బురోలు కింద కొన్ని.

ఎరుపు కాదు, నలుపూ కాదు.
ఫ్యాక్టరీలో పాలీషు పట్టిన బండ మాదిరి మెరుపు.
ఒకపక్క చదును, ఒకపక్క ఉబ్బు,
కొనన రోంత నూగు.

"ఏం కాయలివి?"
"పేరడగలేదే."
"అడిగితే నోరు అరిగిపోతాదా?"
"హిందీలో చెప్పినాడు. ఝాన్సీ దాటేలోపల మర్చిపోయినా."

మా అత్త లింగమ్మ ఒకటి తీసుకొని
చెవి దగ్గర ఆడించి చూసింది,
విత్తనం శెనక్కాయ కొనేటప్పుడు ఆడించినట్ల.
చప్పుడు లేదు.
"పచ్చిగుండాయి, పెనం మీద వెయ్" అనింది.

చింతపిక్కలు వేయించిన చెయ్యి నాది.
మూతపెట్టి చిటపటలు లెక్కపెట్టే విద్య
ఒకరు నాకు చెప్పాల్సిన పని లేదు.
వీటిదేముందిలే అనుకున్నా.

ఢామ్!
మూత ఎగిరి గోడకు కొట్టుకునింది.
ఎరువులంగడి క్యాలెండరు మీద
మార్చి నెలంతా పిండిముద్ద.
మా చిన్నోడు ఓబులేసు మంచం కింద దూరినాడు.
అత్త మాత్రం కదల్లేదు.
"మీ మామ కోపం ఇట్లే ఉండేది.
మూడు నెల్లు ఏమీ అనడు,
ఆ తర్వాత కంచం ఇసిరేస్తాడు."

అప్పుడు గుర్తొచ్చింది ఈయనకు.
"గంటు పెట్టల్ల. ఆ ముసలాయన
ఒక్కోదానికీ కత్తితో గంటు పెడతాండె."
"ఏ ముసలాయన?"

ఈలపీట ముందేసుకొని నేను గంట్లు పెడతా ఉంటే
గంటుకొక మాట వంతున చెప్పినాడు.
మండీలో రేటు పడిపోయిందంట.
సేటు లోడు దించుకోనంటే
మూడు రాత్రులు లారీ గేటు బయట్నే అంట.
మంచు. ముందర అద్దానికి అవతల లోకమే లేదంట.
జేబులో ఉన్నది క్లీనరు పిల్లోనికి రొట్టెలకిచ్చి
తాను బొగ్గుల కుంపటి పక్కన పోయి కూర్చుంటే
కుంపటి ముసలాయన ఏమీ అడక్కుండా
కాగితం పొట్లంలో ఏడు కాయలు పెట్టినాడంట.
రెండోరోజూ ఏడు.
మూడోరోజు బాడుగ చేతికొచ్చి
దుడ్డు ఇయ్యబోతే ఆ పద్నాలుగింటికీ తీసుకోలేదంట.
పచ్చివి కిలో తూచి
దీనికి మాత్రం బేరమాడి, రూపాయి తగ్గించలేదంట.

నా ఫోన్లన్నీ గుర్తుకొచ్చినాయి.
తిన్యావా?
తిన్యా.
ఏం తిన్యావు?
ఏదో ఒకటిలే, వేడివేడిగా ఉండె.
అబద్ధం కాదు.
ఏ మాటకు అలగాల్నో తెలీక
పెనం కింద మంట తగ్గించినా.

ఈసారి పేలలేదు.
గంటు దగ్గర్నుంచి పెంకు
పెదిమల్లాగ వెనక్కి తిరిగింది.
ఇల్లంతా గెనుసుగడ్డలు కాల్చిన వాసన.
పెంకు లోపల ఇంకొక పొర, పనసగింజకున్నట్ల,
వగరు, గోరును వదలని పంతం.
వేడి మీదే ఒలవాలంట, చల్లారితే రాదంట.
ఊదుకుంటా ఒలిచినా.

"ఉప్పు లేదు" అనినాడు చిన్నోడు.
అత్త ఊరిమిండిలో అద్దుకొని
"దీనికన్నా మన శెనక్కాయ మేలు" అనుకుంటా
ఐదోది చేతిలోకి తీసుకునింది.
ఆయన కంచంలో నేను ఏడు పెట్టినా,
లెక్కపెట్టి.
చూసినాడు. నవ్వలేదు.
ఒకటి తీసి నా పక్కకు దొర్లించినాడు.

నాలుగు దినాలకు కసువు ఊడుస్తా ఉంటే
రుబ్బురోలు కింద దొరికింది ఒకటి,
గంటు పెట్టనిది, ఇంకా మెరుస్తా.
అప్పటికి ఆయన నాగపూరు దగ్గర.
ఫోన్ చేసినా.
తిన్యావా అని అడగలేదు.
"తిన్నదాని పేరు చెప్పు" అన్నా.

కాసేపు వెనక ఎవరిదో హారన్.
"రెండు రొట్టెలు" అనినాడు.
"ఉర్లగడ్డ కూర.
ఉప్పు ఎక్కువేసినారు."