మ్యాచింగ్ సెంటర్

సుల్తాన్ బజార్ సందుల మా దుకాణం.
ఇరవై రెండేండ్ల సంది ఒక్కటే పని:
చీరె కొంగు గడప బయటికి పట్టుకపోయి
ఎండల జాకెట్ గుడ్డ పక్కకు పెట్టి చూసుడు.
ట్యూబులైటు కింద అన్ని రంగులూ అబద్ధం చెప్తయి.
చిలుకపచ్చ ఒక్కటే పదకొండు తీర్లుంటది,
నిద్రల లేపి అడిగినా చెప్త.

అసొంటి నాకు
నా రక్తం ఓ అని,
కిడ్నీ ఇస్తనన్న వజ్రది ఏ అని
పంజగుట్ట దవాఖానల ఒక చిన్న డాక్టరమ్మ
కాయితం మీద రాసి చూపెట్టాల్సొచ్చింది.
"కలవదమ్మా" అన్నది,
నేను గిరాకికి చెప్పినట్టే, అంతే మెల్లగ.

వజ్ర కుర్చీల నుంచి లేవలే.
"కలవనిది ఎట్ల కలుపుతరో అది చెప్పుండ్రి."

ఉన్నదట ఉపాయం.
కొత్త గుడ్డకు గంజి తీసినట్టు
నా నెత్తుట్ల నుంచి పగ తీస్తరట.
మిషను తిరుగుతుంటె
సంచిలకు దిగింది పసుప్పచ్చ నీరు.
లైనింగు తానుల్లో ఆ రంగును మేము నిమ్మ అంటం.
రెండువందల యాభై ఆరు. నూటఇరవై ఎనిమిది.
అరవై నాలుగు.
మడత మీద మడత, సగం, సగంల సగం.
ముప్పై రెండు కాడ నాలుగు రోజులు మొండికేసింది.
వజ్ర కమ్మలు కోఠి సేటు కాడికి పోయినయి.
ఎనిమిదికి దిగినంక
ఇద్దర్నీ పక్కపక్క గదులకు తోలిన్రు.

పదిహేను రోజులకు పగ మళ్ల పెరిగింది.
నాకు ముచ్చెమటలు. డాక్టరమ్మ నవ్వింది:
"వస్తయి. ఇప్పుడొచ్చినా చానామందికి ఏం చెయ్యవు.
కిడ్నీ సర్దుకుంటది.
ఎందుకో మాక్కూడ పూరాగ తెల్వదు."

సర్దుకుంటది.
పెండ్లైన నాటి సంది వజ్రకు మా అమ్మ చెప్పిన మాట,
నేనూ చెప్పిన మాట.
ఇప్పుడు నా కడుపుల, కుడి దిక్కు,
పిడికెడంత ఉండి అదే పని చేస్తున్నది.

నిన్న మధ్యాహ్నం దుకాణానికొచ్చింది.
నడుముకు చెయ్యి పెట్టుకొని
మెట్టు కాడ జరసేపు ఆగి,
నీళ్ల సీసా బల్ల మీద చూసి
"సగం గూడ తాగలే" అని తిట్టింది.
అప్పుడే ఎవరో వంకాయరంగు చీరె తెచ్చిన్రు.
ఎండలకు పట్టుకపోయిన.
మూడు గుడ్డలు పెట్టి చూసిన, ఒక్కటీ ఒప్పుకోలే.
కలవదమ్మా అనబోయి,
నోట్లె నీళ్లుండె,
ఊకున్న.