ఇస్త్రీ మచ్చ

పోర్టు వైపు కిటికీ తెరిస్తే చాలు
రంగు దానంతటదే ఇంట్లోకొస్తుంది.
చెంగల్రావుపేటలో నల్లదుమ్ము కొనక్కర్లేదు
గూట్లో, గిన్నెల మీద,
ఆరేసిన లంగాల మడతల్లో
నేను పుట్టినప్పటి నుంచీ ఉచితం.

పాత బ్రష్షుతో ఊడ్చి, నువ్వులనూనెలో నూరి
మెడ నుంచి మోకాళ్ల దాకా పూసుకుంటాను.
తలుపు గడియ రెండుసార్లు చూసుకుంటాను.
పరిచిన దుప్పటి మీద బోర్లా పడుకుని
వంద లెక్కపెడతాను.
(మొదటిసారి ముప్ఫై దగ్గరే తుమ్మొచ్చింది.
ఆ ముద్రలో నాకు మూడు భుజాలు.)

కింద వాటాలోంచి వరహాలమ్మ:
"ఏటే, తూములోంచి నల్లనీళ్లొత్తన్నాయి,
ఏటి కడుగుతన్నావు?"
నన్నే పిన్నీ, అన్నాను.

సిగ్గు వారం రోజుల్లో పోయింది.
పొట్ట పొట్టలాగే పడింది, వేలాడినంత మేర వేలాడి.
కోత గాటు దగ్గర మాత్రం రంగు అంటలేదు.
జానెడు తెల్లగీత.
రెండు రోజులు బతికినవాడు
వచ్చిన దారి.
దాన్ని నేను గీయలేదు. గీయగలిగేదాన్నీ కాదు.

సిరిపురంలో హాలు దొరికింది, మూడు రోజులకి.
జనం దూరం నుంచి చూసి, దగ్గరకొచ్చి చీటీ చదివి,
నా వైపు చూసి
చూపు తిప్పుకున్నారు.

రెండో సాయంత్రం పైడిరాజు వచ్చాడు
టగ్గు దిగి తిన్నగా, గోళ్లలో ఇంకా గ్రీజుతో.
విడిపోయిన నాలుగేళ్లకి.
రొమ్ములు చూడలేదు, గీత చూడలేదు.
కింద ఎడమ మూలకి వంగి
గోధుమరంగు మచ్చ మీద వేలు పెట్టాడు.
"ఇది నేను కాల్చిందే.
నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు.
వాణ్ణి తెచ్చేసరికి వెచ్చగా ఉండాలని
ఇస్త్రీ చేస్తుంటే ఫోనొచ్చింది."

కొత్త దుప్పటి కాల్చావని
ఆ మచ్చ మీద ఒక పూటంతా పోట్లాడాను నేను.
అప్పుడు చెప్పలేదు.

"అడగాల్సింది," అన్నాడు.
ఏ సంగతో చెప్పకుండానే మెట్లు దిగిపోయాడు.

ఒళ్లు నాదే. ఎవరడిగినా ఆ మాటే చెబుతాను.
దుప్పటి ఇద్దరిదీ.
చీటీ మీద పేరు ఒక్కటే.

మూడో రోజు మేకులు పీకేటప్పుడు
ఆ మూల కత్తిరించి పంపుదామని కత్తెర తెచ్చాను.
దుప్పటి మడిచాను, మచ్చ లోపలికి పోయేలా.
విప్పి మళ్లీ మడిచాను, పైకొచ్చేలా.
కత్తెర సంచిలోనే ఉంది.

పాత పోస్టాఫీసు దగ్గర గాలి తిరిగింది.
ఆటో అబ్బాయి ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు.
నేను రెండు చేతులతో
ఒళ్లో మూట మీద
కొంగు కప్పాను.