అప్పగింత

ఇక్కడ సంతకం పెట్టు, రొదియోన్.
లెక్క తర్వాత చూసుకుందువు గాని.
లారీవాడు ఇంజన్ ఆపడు,
ఆపితే సాయంత్రం దాకా మళ్లీ రాజుకోదని వాడి భయం.

ఇనప మంచాలు నలభై రెండు.
నలభై ఒకటే కనబడతాయి,
ఒకదాన్ని కోసి పొగగొట్టం చేశాం.
బైనాక్యులర్స్ ఒకటి, ఎడమ కన్ను గుడ్డిది.
కిరోసిన్ పీపాలు ఆరు,
ఆరోది తట్టి చూడకు, మోగుతుంది.
గాలి మాత్రం రిజిస్టరులో లేదు.
ఉంటే మొదటి పేజీలన్నీ దానివే.

పామీరు కొండల్లో ఈ శిబిరం పేరెత్తితే
ఓష్ ఆఫీసులో గుమాస్తా కళ్లు దించుకున్నాడు కదూ,
నీ కాగితం మీద ముద్ర మెల్లగా వేశాడు కదూ?
నాకూ అలాగే వేశాడు.
ఇక్కడ మంచినీళ్లు ఇవ్వకముందే అడుగుతారు,
ఏం చేసి వచ్చావని.
ఒకడు మేజరు భార్యతో రెండుసార్లు డాన్సు చేశాడు.
ఒకడు తాగి, ట్యాంకుకి స్నానం చేయిస్తానని
చెరువులోకి దించాడు.
నేను పెట్రోలు లెక్క సరిగ్గా రాశాను.
నీ కథ ఇప్పుడే చెప్పకు.
జనవరిలో కబుర్లకి కరువొస్తుంది, అప్పటికి దాచుకో.

చలి సంగతి నీకు చెప్పే ఉంటారు.
చెప్పనిది నీళ్ల సంగతి.
ఈ ఎత్తులో నీళ్లకి మహా తొందర,
వేడెక్కీ ఎక్కకముందే తెర్లిపోతాయి.
చెయ్యి పెడితే కాలుతుంది,
దుంప వేస్తే ఉడకదు.
మూడేళ్లు పచ్చి దుంప నమిలాను,
పంటి కింద ఆ కరకర
నిద్రలో కూడా వినబడేది.

చెట్టు లేదు.
మొదటి నెల గమనించవు.
యాఖిమ్ అని బెలారస్ కుర్రాడు ఉండేవాడు,
ఇంటి నుంచి ఉత్తరంలో వచ్చిన బిర్చి ఆకు
నాలిక కింద పెట్టుకుని కాపలాకి పోయేవాడు.
ఒక రాత్రి అది మింగేశాడు.
తెల్లారి వాడి చేతిలోంచి తుపాకి
మాటల్తో తీసుకోవాల్సి వచ్చింది.
అది రిపోర్టులో కడుపునొప్పి అని ఉంటుంది.

గేటు గోడ మీద ఎర్ర అక్షరాలు చూశావు,
"దేవుడు మరిచిన చోటు."
నాకు ముందరివాడు రాశాడు.
నేనైతే ఏటేటా రంగు వేయించాను,
అదొక్కటే మేం నవ్వుకునే విషయం.

గురువారం కనిషాయ్ వస్తుంది,
జడలబర్రె పెరుగు ఇచ్చి కిరోసిన్ పట్టుకుపోతుంది.
హాస్టల్లో చదువుకున్న మనిషి, రష్యన్ వచ్చు.
ఒకరోజు ఆ గోడ ముందు నిలబడి చదివింది.
కొండ అవతలి వాలు వైపు గడ్డం ఎత్తి
"అక్కడ పుట్టాను" అంది.
"మా అమ్మా అక్కడే. ఆమె అమ్మా అంతే.
రాసుకో స్టోరుకీపర్,
మేమందరం ఏం తప్పు చేసి వచ్చామో."
పెన్సిలు నా చెవి మీదే ఉంది.
మూడు వారాలు ఆమె రాలేదు.
పెరుగు లేని మూడు వారాలు.

నాలుగో వారం వచ్చింది,
వంటింట్లో పెద్ద కుక్కరు మూత ఎత్తి చూసింది.
దాని రబ్బరు చిరిగి రెండేళ్లు,
నేను పై ఆఫీసుకి రాసిన ఉత్తరాలు పదిహేడు.
ఆమె కొలత తీసుకుంది, చిటికెన వేలితో, జానతో.
తర్వాతి గురువారం
తోలుతో కుట్టిన చక్రం ఒకటి తెచ్చి
నోరు మెదపకుండా మూతలో బిగించింది.
ఆ రోజు దుంప మెత్తగా ఉడికింది.
నలభై మంది మాట్లాడకుండా తిన్నారు.

ఆ తోలు చక్రం రిజిస్టరులో ఎక్కించకు.
ఎక్కిస్తే తనిఖీవాళ్లు వచ్చి
అనుమతి లేని వస్తువని పీకేస్తారు.
నెలకోసారి కొవ్వు రాయి.

ఇదిగో, నువ్వొచ్చిన లారీలోనే
పదిహేడు ఉత్తరాల జవాబు కూడా వచ్చింది,
కొత్త రబ్బరు, పెట్టెలో, ముద్రతో సహా.
చిన్నది. వేరే కుక్కరుది.
పారేయకు,
ఆ కిటికీ రెక్క కొట్టుకోకుండా కట్టుకో.

గోడ సంగతి?
ఈ ఏడు రంగు వెయ్యలేదు.
అలాగని తుడపనూ లేదు.
నీ ఇష్టం, సున్నం పీపా నాలుగో గదిలో ఉంది,
అడుగున గడ్డకట్టి ఉంటుంది,
గొడ్డలితో కొట్టాలి.

హారన్ కొడుతున్నాడు.
సంతకం ఇక్కడ కాదు, కింద.